తిరిగేది ఏదీ లేకుండా సోలార్ ప్లాంటులో కరెంటు ఎట్ల పుడుతుంది? మా నాయన అడుగుతున్నాడు

ముద్దనూరు_అబ్బాయి:

అందరికీ నమస్కారం. పోయిన వారం గడివేముల వైపు ఒక పెళ్లికి పోయినాం. దారిలో గని, శకునాల ఊర్ల దగ్గర సోలార్ పార్కు కనపడింది. కనుచూపు మేరా నీలం పలకలే. మా నాయన కారు ఆపమన్నాడు. దిగి కంచె దగ్గరకు పోయి పది నిమిషాలు అట్లే నిలబడినాడు.

మా నాయన ఆర్‌టీపీపీలో, అంటే బొగ్గుతో నడిచే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటులో, 26 ఏళ్లు పనిచేసినాడు. ఎక్కువ కాలం 210 మెగావాట్ల యూనిట్ టర్బైన్ ఫ్లోరులోనే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే మిషన్ పక్కన బతికిన మనిషి. ఫ్లోరు మీద అడుగు పెడితే చాలు, బేరింగులో తేడా ఉందో లేదో కాళ్లకే తెలుస్తుందనేవాడు. ఆ కంచె దగ్గర నిలబడి, "శబ్దమే లేదు కదరా. బాయిలర్ ఏది? టర్బైన్ ఏది? తిరిగేది లేకుండా కరెంటు ఎట్ల వస్తాది?" అని అడిగినాడు.

ఎండ వేడి పలకలకు తగిలి కరెంటుగా మారుతుందని చెప్పినా. "వేడి అయితే నీళ్లు కాగల్ల, ఆవిరి రావల్ల. ఆ ఆవిరి దేన్నో తిప్పల్ల. మధ్యలో ఏమీ లేకుండా వేడి కరెంటు ఎట్లయితాది?" అన్నాడు. నేను చదివింది కామర్స్. నా దగ్గర జవాబు లేదు. వారం నుంచి అన్నం తినేటప్పుడు కూడా అదే అడుగుతున్నాడు.

దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. గ్రిడ్డు, ట్రాన్స్‌ఫార్మర్లు, బ్రేకర్లు ఆయనకు నాకంటే, బహుశా ఇక్కడ చాలామంది కంటే బాగా తెలుసు. ఆయనకు కావలసింది ఆ పలకలో ఏం జరుగుతుందో, అక్కడి నుంచి లైను దాకా ఎట్ల పోతుందో. చదివి వినిపిస్తాను.

---

ఎండాకాలం_ఫ్యాన్:

సింపుల్ బ్రో. ప్యానెల్ ఎండ వేడిని పీల్చుకుని కరెంటు చేస్తుంది. ఎంత వేడి ఉంటే అంత కరెంటు. అందుకే రాయలసీమలో పెట్టారు. మే నెలలో దుమ్ము దులిపేస్తుంది.

---

ఓర్వకల్లు_ఐటీఐ:

అన్నా, నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. కర్నూలు వైపు ఒక సోలార్ ప్లాంటులో ఏడేళ్లుగా మెయింటెనెన్సులో ఉన్నా. మీ నాయన కంచె దగ్గర నిలబడి అడిగిన ప్రశ్న చదివినాక రాయకుండా ఉండలేకపోయినా. డ్యూటీకి వచ్చిన మొదటి రోజు నేనూ ఇదే అడిగినా. "ప్యానెల్ మీద వెలుగు పడితే కరెంటు వస్తుంది, అంతే" అన్నారు. అంతే అంటే నాకు సరిపోలేదు.

ముందు పైన తమ్ముడు రాసింది సరిచేయాల. వేడి కాదు, వెలుగు. రెండూ సూర్యుడి నుంచే వస్తాయి కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. మా ప్లాంటులో అన్నిటికంటే ఎక్కువ యూనిట్లు వచ్చేది మేలో కాదు, ఫిబ్రవరి, మార్చిలో. ఆకాశం తేటగా ఉంటుంది, గాలి ఇంకా కాగి ఉండదు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల సెల్లుకు లెక్కగట్టినవి. మేలో మధ్యాహ్నం సెల్లు వేడి 65 డిగ్రీలకు పోతుంది. మా రకం ప్యానెల్‌లో పైన పెరిగే ప్రతి డిగ్రీకీ 0.4 శాతం చొప్పున పవర్ తగ్గుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 16 శాతం పోయినట్టే. మేలో ఒక సాయంత్రం వాన పడి, మరునాడు పొద్దున ఎండ కాస్తే చూడాల. దుమ్ము కడుక్కుపోయి, పలక చల్లబడి, గ్రాఫు ఒక్కసారిగా పైకి లేస్తుంది. కంట్రోల్ రూములో మాకు అది పండగ. వేడి మాకు సాయం కాదన్నా, నష్టం.

పెద్దాయనకు ఒక మాట చెప్పండి, ఆయన తర్కంలో తప్పు లేదు. పవర్ ప్లాంటులో వేడి నుంచి కరెంటు తీయాలంటే మామూలుగా ఏదో ఒకటి తిప్పాల్సిందే. ఇక్కడ వేడి నుంచి తీయడం లేదు, అందుకే తిప్పేది లేదు.

ఇప్పుడు పలక లోపలికి పోదాం. దగ్గర నుంచి చూస్తే చదరాలు కనపడతాయి. మా ప్యానెల్‌లో 72. ఒక్కో చదరం ఒక సెల్లు. రెండు మూడు వెంట్రుకల మందం ఉండే సిలికాన్ బిళ్ల. తయారుచేసేటప్పుడే పై పొరలో కొంచెం ఫాస్ఫరస్, కింద భాగంలో కొంచెం బోరాన్ కలుపుతారు. ఈ రెండూ కలిసే చోట సెల్లు లోపల దానంతట అదే ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడి నిలిచిపోతుంది. నేను దాన్ని పొలంలో వాలు లాగా అర్థం చేసుకున్నా. నీళ్లు పారాలంటే వాలు ఉండాల కదా, ఆ వాలు సెల్లులో పుట్టుకతోనే ఉంది. కానీ పారడానికి నీళ్లు లేవు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ కట్టేసినట్టు ఉంటాయి.

వెలుగు పడితే అది ఏతం పని చేస్తుంది. ఒక్కో వెలుగు కణం ఒక్కో ఎలక్ట్రాన్‌ను కట్టు తెంచి పైకి తోడిపోస్తుంది. తోడిన నీళ్లు మళ్లీ అదే బావిలో పడకుండా ఆ వాలు వాటిని ఒకవైపుకే పారిస్తుంది. పైన కనపడే సన్నటి వెండి గీతలు పిల్ల కాలువలు. ఎలక్ట్రాన్లు ఆ గీతల్లో చేరి, వైరు గుండా బయటికి పోయి, మన పని చేసిపెట్టి, సెల్లు వెనక వైపు నుంచి మళ్లీ లోపలికి వస్తాయి. ఏదీ అరగదు, ఏదీ ఖర్చు కాదు, బూడిద లేదు. కదిలేది ఎలక్ట్రాన్ ఒక్కటే.

ఒక సెల్లు ఇచ్చేది అర వోల్టు చిల్లర. సెల్లు పెద్దదైనా చిన్నదైనా అంతే. వెలుగు పెరిగితే పెరిగేది ఆంపియర్లు. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచేది) పట్టుకుని తిరిగేవాడికి ఇది రోజూ కనపడుతుంది. పొద్దున ఏడింటికి స్ట్రింగ్ (వరసగా కట్టిన ప్యానెళ్ల) వోల్టేజీ చూస్తే 700 దాటి ఉంటుంది, ఆంపియర్లు మాత్రం ఒకటి కూడా ఉండవు. మధ్యాహ్నం పన్నెండున్నరకు అదే వైరులో ఎనిమిది ఆంపియర్లు. వోల్టేజీ మాత్రం పొద్దుటి కంటే కాస్త తక్కువే ఉంటుంది, పలక కాగింది కాబట్టి.

ఇక లైను దాకా. 72 సెల్లులు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటే ప్యానెల్‌కు 37 వోల్టుల దాకా వస్తుంది. అట్లాంటివి 20 ప్యానెళ్లు సిరీస్‌లో కడితే ఒక స్ట్రింగ్, 740 వోల్టులు. 24 స్ట్రింగులు ఒక పెట్టెలోకి వస్తాయి, దాన్ని ఎస్‌సీబీ (స్ట్రింగ్ కంబైనర్ బాక్స్) అంటాం. ప్రతి స్ట్రింగ్‌కూ ఫ్యూజు ఉంటుంది. ఆ పెట్టెల నుంచి లావు కేబుళ్లు ఇన్వర్టర్ గదికి పోతాయి. ఒక మెగావాట్ ఇన్వర్టర్ కింద మాకు మూడు వేలకు పైగా ప్యానెళ్లు. ఇన్వర్టర్ ఆ డీసీని (ఒకే దిక్కున పారే కరెంటును) 400 వోల్టుల ఏసీగా (అటూ ఇటూ ఊగే కరెంటుగా) మారుస్తుంది. పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీకి (33 వేల వోల్టులకు) ఎక్కిస్తుంది. అక్కడి నుంచి కరెంటంతా ఒకచోట చేర్చే పూలింగ్ సబ్‌స్టేషన్, 220 కేవీ, ఆ పైన 400 కేవీ. ఆ చివరి భాగమంతా మీ నాయన రాజ్యమే, నేను చెప్పేదేమీ లేదు.

మీరు చూసిన గని, శకునాల పార్కు మొత్తం 1000 మెగావాట్లు. 5900 ఎకరాల పైన, 40 లక్షలకు పైగా ప్యానెళ్లు. 2017లో పూర్తయింది. దాని కోసమే 250 ఎంవీఏ సామర్థ్యం చొప్పున నాలుగు 220 కేవీ సబ్‌స్టేషన్లు, వాటి పైన ఒక 400 కేవీ సబ్‌స్టేషన్ కట్టినారు. పెద్దాయన టర్బైన్ ఒక్కటి ఒక్క షెడ్డులో 210 మెగావాట్లు తీసేది. మాకు అంత తీయాలంటే వెయ్యి ఎకరాలకు పైనే కావాల, అదీ మిట్టమధ్యాహ్నం మాత్రమే. నిండు ఎండలో చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుగు పడుతుంది. రెండు చదరపు మీటర్ల మా ప్యానెల్ అందులోంచి 315 వాట్లు తీస్తుంది. మిగతాదాంట్లో కొంత తిరిగి పైకి పోతుంది, చాలా భాగం పలకను కాల్చే వేడి అవుతుంది.

డ్యూటీకి టైమైంది. ఇంకేమన్నా అడిగితే రాత్రికి రాస్తా.

---

ఫిజిక్స్_మేడం:

ఐటీఐ తమ్ముడూ, నా ఇంటర్ పిల్లలకు ఈ ఏతం పోలిక రేపే చెబుతాను. ఒక ముక్క కలుపుతున్నాను. వెలుగు కణానికి ఎలక్ట్రాన్‌ను తెంచేంత శక్తి ఉండాలి. సిలికాన్‌కు అది 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకంటే తక్కువ శక్తి గల పరారుణ కిరణాలు ఎన్ని పడినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా కదలదు. ఎక్కువ శక్తి ఉన్నవి తెంచుతాయి గానీ మిగులు శక్తి వేడిగా పోతుంది. పలక తన మీద పడిన వెలుగులో కొంతనే కరెంటు చేయగలగడానికి పెద్ద కారణం ఇదే. వెలుగు ఇలా కణాలు కణాలుగా పనిచేస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పారు, 1921 నోబెల్ ఆయనకు ప్రధానంగా దీనికే వచ్చింది. పనికొచ్చే సిలికాన్ సెల్లును బెల్ ల్యాబ్స్ 1954లో చూపించింది. అప్పుడది పట్టింది ఆరు శాతమే.

మీ నాన్నగారు ఊహించిన రకం ప్లాంటు కూడా ఉంది. అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో 50 మెగావాట్లది వచ్చింది. అద్దాలను దోనెల్లా వంచి, మధ్యలో గొట్టం మీదకు ఎండను కూడగట్టి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు. అంటే ఆయన ప్రశ్న సరైనదే, కంచె మాత్రం వేరే ప్లాంటుది.

---

ముద్దనూరు_అబ్బాయి:

మేడం, అన్నా, చాలా థాంక్స్. రాత్రి మొత్తం చదివి వినిపించినా. ఏతం దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. "వేడి సాయం కాదు, నష్టం" అన్నది విని చాలాసేపు తల ఊపినాడు. తర్వాత ప్రశ్నలు మొదలు. ఆయన మాటల్లోనే రాస్తున్నా.

ఒకటి: "మేము సింక్రోస్కోప్ (మా జనరేటర్ అల గ్రిడ్ అలతో జత కలిసిందో లేదో చూపే మీటరు) ముల్లు చూసుకుంటా, అది నిదానంగా పన్నెండు దగ్గరికి వచ్చేటప్పుడు బ్రేకర్ వేస్తా ఉంటిమి. తప్పు క్షణంలో వేస్తే షాఫ్టు మెలి తిరిగిపోతాది. వీళ్లకు పొద్దున్నే సింక్రనైజ్ చేసేదెవరు?"

రెండు: "లైను ట్రిప్ అయితే మేము ఆవిరి ఆపేస్తాం, సేఫ్టీ వాల్వులు లేస్తాయి, ఊరంతా వినపడుతుంది. ఎండను ఎవరు ఆపుతారు? ఆ కరెంటు అంతా ఎక్కడికి పోతాది?"

మూడు: "మబ్బు వస్తే?"

---

ఓర్వకల్లు_ఐటీఐ:

అన్నా, రెండో ప్రశ్న నన్ను మా ఇంజనీర్లు కూడా ఎప్పుడూ అడగలేదు. దాంతోనే మొదలుపెడతా.

లైను పోతే ఇన్వర్టర్ క్షణంలో పక్కకు తప్పుకుంటుంది. ప్యానెల్ మీద ఎండ పడుతూనే ఉంటుంది, వోల్టేజీ ఉంటుంది, పైగా పెరుగుతుంది. 37 వోల్టుల ప్యానెల్ 45 దాకా ఎక్కుతుంది. కానీ బయటికి దారి లేదు కాబట్టి తోడిన నీళ్లు మళ్లీ అదే బావిలో పడతాయి. ఎలక్ట్రాన్లు లోపల్లోపలే తిరిగి తమ చోట్లకు చేరుకుంటాయి. ఆ శక్తి వేడై పలక ఇంకొంచెం కాగుతుంది, అంతే. ఎగదన్నే ఆవిరి లేదు, లేచే వాల్వు లేదు. ఎంతసేపు అట్లా పెట్టినా ప్యానెల్‌కు ఏమీ కాదు.

కానీ ఇందులోనే మా ప్రమాదం ఉంది. పగలు ఈ పలకలను ఎవరూ "ఆఫ్" చేయలేరు. మెయిన్ బ్రేకర్ తీసినా స్ట్రింగ్ చివర 900 వోల్టుల డీసీ నిలబడే ఉంటుంది. నేను చేరిన రెండో ఏడాది, ఎస్‌సీబీ స్విచ్ తీశారనుకుని లోడు మీద (కరెంటు పారుతూ) ఉన్న ప్యానెల్ కనెక్టర్‌ను చేత్తో లాగినా. ఏసీ అయితే సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, ఆర్క్ (గాలిలో సాగే కరెంటు మంట) తనంతట తాను ఆరే అవకాశం ఉంది. డీసీ సున్నాకు రాదు. నా రెండు చేతుల మధ్య తెల్లటి మంట తీగలాగా సాగింది. గ్లవ్స్ కాలిపోయినాయి, బొటనవేలు చర్మం పోయింది, కళ్లు రెండు రోజులు మండినాయి. అప్పటి నుంచి క్లాంప్ మీటర్‌లో సున్నా చూడకుండా ఏ వైరూ ముట్టను. కొత్తగా వచ్చే పిల్లలకు మొదటి రోజు నేను చెప్పేది ఇదొక్కటే. ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి, ఆ వైర్లు పగలు ఎప్పుడూ ప్రాణంతోనే ఉంటాయి.

ఇక సింక్రనైజింగ్. ఇన్వర్టర్ లోపల ట్రాన్సిస్టర్ స్విచ్చులు ఉంటాయి. సెకనుకు కొన్ని వేల సార్లు డీసీని ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కల వెడల్పు మారుస్తూ ఏసీ అల ఆకారం తెస్తాయి. ఫిల్టర్ దాన్ని నున్నగా చేస్తుంది. అయితే మా ఇన్వర్టర్ సెకనుకు 50 సైకిళ్ల ఫ్రీక్వెన్సీని (అల ఊగే వేగాన్ని) సొంతంగా నడపదు. గ్రిడ్‌లో ఉన్న అలను ఎడతెగకుండా కొలుస్తూ దాని అడుగులో అడుగు వేస్తుంది. పొద్దున ఆరూ పది, ఆరుంబావు ప్రాంతంలో డీసీ వోల్టేజీ చాలినంత రాగానే తనంతట తాను లేచి, గ్రిడ్‌ను చూసుకుని, జత కలుస్తుంది. సింక్రోస్కోప్ లేదు, బ్రేకర్ చెయ్యి పట్టుకుని నిలబడే మనిషి లేడు. మేము వచ్చేటప్పటికి అది పనిలో ఉంటుంది.

మరి గ్రిడ్డే లేకపోతే? చూసి నడవడానికి అల లేదు కాబట్టి మీరు చూసిన పార్కులోని 1000 మెగావాట్ల ప్యానెళ్లూ నిండు ఎండలో ఊరికే పడుకుంటాయి.

ఇక్కడ పెద్దాయనకు నేను చెప్పాలనుకున్న మాట ఉంది. ఎక్కడో ఒక పెద్ద యూనిట్ హఠాత్తుగా ట్రిప్ అయితే ఫ్రీక్వెన్సీ పడిపోవడం మొదలవుతుంది. ఆ మొదటి సెకన్లలో దాన్ని నిలబెట్టేది తిరుగుతున్న రోటర్ల బరువు. టన్నుల కొద్దీ ఇనుము 3000 చుట్ల మీద ఉంది, వెంటనే ఆగదు, తన వేగంలో దాచుకున్న శక్తిని కొంచెం కొంచెం గ్రిడ్‌కు ఇస్తుంది. టర్బైన్‌కు ఆవిరి పెంచే గవర్నర్ అందుకునేదాకా అదే కాపలా. మా పలకల్లో ఆ బరువు లేదు. తిరిగేది లేకపోవడం మాకు సుఖమే, గ్రిడ్‌కు మాత్రం లోటు. సోలార్ పెరిగే కొద్దీ ఆ లోటు పూడ్చడానికి బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. మా పక్కనే పిన్నాపురంలో నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి తిప్పే ప్రాజెక్టు కట్టినారు. అక్కడ మళ్లీ టర్బైన్లే.

మబ్బు సంగతి. మబ్బు తునక వస్తే పవర్ నిమిషంలో సగానికి పైగా పడిపోతుంది. పార్కు ఇన్ని వేల ఎకరాల్లో ఉండటం ఇక్కడ మేలు, ఒకే మబ్బు అన్నిటినీ ఒకేసారి కప్పదు. ఒక్కోసారి మబ్బు అంచు దగ్గర వెలుగు అదనంగా కలిసి, తేట ఆకాశం కంటే ఎక్కువ పవర్ కొన్ని క్షణాలు వస్తుంది. మొదటిసారి చూసి మీటరు చెడిపోయిందనుకున్నా.

మబ్బు కంటే నాకు చిరాకు తెప్పించేవి చిన్న నీడలు. కంచె పక్క సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి పెరిగి ఒకే ఒక్క సెల్లు మీద నీడ వేస్తుంది. 72 సెల్లులూ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి, కాలువకు ఒకచోట రాయి అడ్డం పడినట్టు మొత్తం పారకం తగ్గుతుంది. అందుకే ప్యానెల్ వెనక పెట్టెలో మూడు డయోడ్లు పెడతారు, అడ్డం పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారి పట్టించడానికి. పిట్ట రెట్ట పడి అట్లే ఎండిపోయినా ఇదే కథ, ఆ సెల్లు వేడెక్కి మచ్చ కాలుతుంది. థర్మల్ కెమెరాలో ఎర్ర చుక్కలా కనపడుతుంది.

కడగడం కూడా పగలు చేయం. కాగిన గాజు మీద చల్లనీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున, లేదా పొద్దు గూకినాక. మా వైపు బోరు నీళ్లు ఉప్పు, అట్లే పోస్తే ఆరినాక తెల్లపొర కడుతుంది, శుద్ధి చేసి పోయాల. కడిగేది చుట్టుపక్కల ఊర్ల ఆడవాళ్లు. పొడుగు కర్రకు కట్టిన తుడుపుతో వరసలు వరసలుగా పోతారు. కడిగిన వరసకూ కడగని వరసకూ తేడా మరునాడు ఆంపియర్లలో కనపడుతుంది. వాళ్ల పనిని యూనిట్లలో లెక్కకట్టి చూపించాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

---

గోదావరిఖని_బిడ్డ:

అన్నా, మాది రామగుండం. ఈడ ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీదనే 100 మెగావాట్ల సోలార్ తేలుతున్నది, 2022 జులై 1 నుంచి పూర్తిగ నడుస్తున్నది. 500 ఎకరాల నీళ్ల మీద 40 బ్లాకులు, ఒక్కో బ్లాకు రెండున్నర మెగావాట్లు, 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ సుత నీళ్ల మీదనే తేలుతయి. తాళ్లతోని రిజర్వాయర్ అడుగున బరువులకు కట్టిన్రు. మీరు చెప్పిన వేడి సంగతి ఈడ బాగా అర్థమైతది. కింద నీళ్లుంటయి కాబట్టి పలకలు జర చల్లగుంటయి, ఎండకు ఆవిరయ్యే నీళ్లు సుత తగ్గుతయి. పెద్దమనిషికి చెప్పున్రి, ఆ రిజర్వాయర్ థర్మల్ ప్లాంటు నీళ్ల కోసం కట్టిందే. ఒక్క కట్ట మీద నిలబడితే ఇటు చిమ్నీలు, అటు పలకలు కనబడతయి.

---

ముద్దనూరు_అబ్బాయి:

చదివి వినిపించినా. రోటర్ బరువు గురించి రాసిన ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. రెండోసారి అయినాక లేచి వరండాలోకి పోయి కూర్చున్నాడు. కొంచెంసేపటికి లోపలికి వచ్చి మీ బొటనవేలు ఇప్పుడెట్ల ఉందో కనుక్కోమన్నాడు.

ఇంకొకటి. ఆ ప్లాంటులో చెవికి వినపడేది ఏదన్నా ఉందా అని అడుగుతున్నాడు.

---

ఓర్వకల్లు_ఐటీఐ:

వేలు బాగుంది అన్నా, గోరు మాత్రం వంకరగా వచ్చింది. ఆయన అడిగినందుకు చాలా సంతోషం.

ఇన్వర్టర్ గదిలో కూలింగ్ ఫ్యాన్ల హోరు ఉంటుంది, దాంట్లో ఆయనకు తెలిసింది ఏమీ ఉండదు. బయట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం అదే రొద, ఆర్‌టీపీపీ యార్డులో ఆయన విన్నదే. పొద్దున లోడు లేనప్పుడు సన్నగా, మధ్యాహ్నానికి ముదురుతుంది. రాత్రి కూడా ఆగదు, 33 కేవీ వైపు నుంచి ఛార్జులోనే ఉంటుంది కాబట్టి.

---

ముద్దనూరు_అబ్బాయి:

చెప్పినా. "ఓఎన్‌ఏఎన్ కూలింగేనా (ఫ్యాన్లు, పంపులు లేకుండా ఆయిల్, గాలి వాటంతట అవే చల్లబరిచేది)? ఆయిల్ శాంపిల్ ఎన్నాళ్లకోసారి తీస్తారు?" అంటున్నాడు.

---

ఓర్వకల్లు_ఐటీఐ:

ఓఎన్‌ఏఎన్‌యే. శాంపిల్ ఏడాదికోసారి. ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే బ్రీదర్‌లో తేమ పట్టే సిలికా జెల్ రంగు మాత్రం నేనే వారం వారం చూస్తా, నీలం నుంచి గులాబీకి తిరిగితే మారుస్తా. నంబరు మీకు మెసేజ్‌లో పంపినా అన్నా, ఆయన్నే మాట్లాడమనండి. రాత్రి ఎనిమిది తర్వాత అయితే నేను ఖాళీ.